మన జాగాలో మనమే అద్దెకి: వన్ సెవెంటీ చట్టం, అందులోని శిక్షల చరిత్ర



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకి జవాబు రాస్తానని చెప్పాను. "ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొంటే తప్పు, సరే. ఇల్లు కట్టి అద్దెకిస్తే తప్పేంటన్నా? అద్దె అంటే అమ్మకం కాదు కదా?" అని అడిగాడు. అప్పుడు ఒక్క మాటలో చెప్పలేకపోయాను. కాలేజీ లైబ్రరీలో దొరికినవి, సీనియర్ అన్నలు ఇచ్చిన జిరాక్సులు హాస్టల్లో కూర్చుని చదివి ఇప్పుడు రాస్తున్నా. నేను లాయర్ని కాదు. డిగ్రీ రెండో ఏడు, హిస్టరీ స్టూడెంట్ని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. తప్పులుంటే పెద్దలు సరిచేయండి. పోస్టు పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా ఇంటి సంగతి

మాది గోదావరి పక్క ఏజెన్సీ. కోయవాళ్లం. మండల కేంద్రానికి వెళ్లే దారి పక్కన మా తాతకి ముప్పై సెంట్ల జాగా ఉండేది. అప్పట్లో అది రోడ్డు కాదు, బండ్ల బాట. 1986లో మిరప వేసి దెబ్బతిని, ఎరువుల దుకాణం నడిపే ఒకాయన దగ్గర చేసిన బాకీ కింద ఆ ముప్పై సెంట్లు రాసిచ్చాడు. రాసిచ్చాడంటే ఏముంది, తెల్లకాగితం మీద వేలిముద్ర. తర్వాత తారు రోడ్డు పడింది. ఆఫీసులొచ్చాయి, బస్సులొచ్చాయి. ఇప్పుడు ఆ జాగాలో వరసగా ఎనిమిది గదులున్నాయి. ఒక్కో గదికి నెలకి 2,500 అద్దె.

ఆ ఎనిమిదింట్లో మూడో గదిలో మా చిన్నాన్న ఉంటాడు. పిల్లల బడి కోసం ఊరొదిలి వచ్చి ఆటో నడుపుకుంటున్నాడు. అంటే మా తాత జాగాలో, మా తాత కొడుకే, ప్రతి నెలా అయిదో తారీకు లోపల అద్దె కడతాడు. ఆలస్యమైతే మాట పడతాడు. ఇంటర్ పరీక్షలప్పుడు నేను ఆ గదిలోనే ఉండి చదువుకున్నా. అప్పుడు నాకు ఇది వింతగా అనిపించలేదు. అందరూ అలాగే ఉన్నారు కాబట్టి.

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఆ దుకాణం ఆయన కొడుకు మా ఊరొచ్చాడు. మా నాయనమ్మకి పళ్లు తెచ్చాడు, "బాగున్నావా అమ్మా" అని పలకరించాడు, తర్వాత ఒక కాగితం తీశాడు. గదులన్నీ నాయనమ్మే కట్టించుకున్నట్టు, చూసుకోవడానికి వాళ్లకి అప్పగించినట్టు అందులో రాసుంది. వేలిముద్ర వేస్తే యాభై వేలు ఇస్తామన్నాడు. మా నాన్న ఏమీ మాట్లాడలేదు. చెల్లి నర్సింగ్ ఫీజు కట్టాల్సి ఉంది, ఆయన మనసులో ఏం తిరుగుతోందో నాకు తెలుసు. నాయనమ్మ మాత్రం ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "వీడు చదువుకుంటన్నాడు. వీడు చదివి చెప్పాక చూద్దాం" అంది.

మా ఇంట్లో నన్ను చదివి చెప్పమన్న మొదటి కాగితం అది. చదవడం ఒక్క నిమిషం పని. అర్థం చేసుకోవడానికి మాత్రం నూరేళ్లు వెనక్కి వెళ్లాల్సొచ్చింది.

కొండ మీద భూమి, మైదానంలో కోర్టు

మన భూమి చట్టాలు ఎవరో జాలిపడి ఇచ్చినవి కావు. ఒక్కో చట్టం వెనక్కి వెళ్లి చూస్తే దాదాపు ప్రతిసారీ ఒక పితూరీ కనబడుతుంది.

1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్ని మామూలు పాలన నుంచి విడదీసి, అక్కడ కలెక్టరుకి 'ఏజెంటు' అనే హోదా ఇచ్చింది. మనం ఇప్పటికీ 'ఏజెన్సీ' అంటున్నది ఆ మాట నుంచి వచ్చిందే. అయినా మైదానం వర్తకులు ఆగలేదు. 1879 రంప పితూరీకి కారణాల్లో మున్సబుదారు పీడన, కల్లు మీద పన్నుతో పాటు ఇంకోటి కూడా ఉంది. అప్పిచ్చిన వర్తకుడు కింద మైదానంలో కోర్టుకెళ్లేవాడు. కొండ మీద మనిషికి ఆ కేసు సంగతే తెలిసేది కాదు. వర్తకుడు ఏకపక్షంగా డిక్రీ తెచ్చుకుని పశువుల్ని, గింజల్ని పట్టుకుపోయేవాడు. చట్టం పుస్తకంలో ఒకరకంగా, కొండ మీద ఇంకోరకంగా పనిచేయడం అప్పటి నుంచే ఉందన్నమాట.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల కోసం వడ్డీకి, భూమి బదలాయింపుకి కలిపి ఒకే చట్టం చేసింది. రెండూ కలిపి ఎందుకు చేశారో మా తాత కథ చూస్తే తెలుస్తుంది. అప్పు ముందు వస్తుంది, భూమి దాని వెనక పోతుంది. ఆ చట్టం ప్రకారం కొండజాతి మనిషి తన భూమిని బయటివాళ్లకి బదలాయించాలంటే ఏజెంటు అనుమతి కావాలి. లేకపోతే చెల్లదు.

మంచిదే. కానీ అందులో రెండు సందులున్నాయి. ఒకటి, అనుమతి దొరికితే భూమి పోవచ్చు. రెండు, ఒకసారి గిరిజనేతరుడి చేతికి వెళ్లిన భూమి ఇంకో గిరిజనేతరుడికి, అక్కడి నుంచి మరొకరికి పోతుంటే ఈ చట్టం అడ్డురాదు. మొదటి గేటు దాటిన గొడ్డుని ఎవరూ పట్టుకోరు. ఆ చట్టం వచ్చిన అయిదేళ్లకే, 1922లో, మన్యంలో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో పోరాటం మొదలై 1924 దాకా సాగింది.

గోదావరికి అవతలి ఒడ్డు నిజాం రాజ్యం. అక్కడ 1917 చట్టం లేదు. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కొలాములు సాగు చేసుకునే పోడుని రిజర్వు ఫారెస్టు పేరుతో ఆపారు. పట్టాలు మాత్రం బయటి నుంచి వచ్చినవాళ్ల పేర్ల మీద పుట్టాయి. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం ప్రాణాలిచ్చాకే నిజాం సర్కారు కదిలింది. హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తని పంపి మన పరిస్థితి చూసి రమ్మంది. తర్వాత గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక నిబంధనలొచ్చాయి. 1949లో నోటిఫై చేసిన గిరిజన ప్రాంతాల నియమాలు వచ్చాయి. ఒకే నదికి రెండు ఒడ్లు, రెండు ప్రభుత్వాలు. రెండు చోట్లా మనోళ్లు చచ్చాకే కాగితం కదిలింది.

1959 నుంచి 1970 దాకా

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం అయిదో షెడ్యూలు గవర్నరుకి ఒక అధికారం ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో శాంతి, సుపరిపాలన కోసం రెగ్యులేషన్లు చేయొచ్చు, భూమి బదలాయింపుని నిషేధించొచ్చు. ఆ అధికారంతో వచ్చిందే 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, అంటే ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు రెగ్యులేషన్. ఆఫీసుల్లో ఎల్టీఆర్ అంటారు. మొదట ఆంధ్ర ప్రాంతంలో 1959 మార్చి 4 నుంచి, తర్వాత తెలంగాణ ప్రాంతంలో 1963 డిసెంబర్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఇందులో కూడా పాత సందు మిగిలింది. గిరిజనుడి చేతి నుంచి పోయేదాన్ని ఆపింది గానీ, గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకునేదాన్ని ఆపలేదు. పైగా 'ఇది నా భూమి, వాళ్లు లాక్కున్నారు' అని నిరూపించే బరువంతా మనోళ్ల మీదే పడింది. కాగితం లేనివాడు కాగితం ఉన్నవాడి మీద ఏం నిరూపిస్తాడు?

ఇంకోసారి రక్తం కారింది. 1967 అక్టోబర్ 31న శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన సంఘం సభకి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగాయి. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. అక్కడి నుంచి ఉద్యమం ఎటు పోయిందో మీ అందరికీ తెలుసు. ఆ మంట ఆరకముందే 1970 ఫిబ్రవరి 3న 'వన్ ఆఫ్ సెవెంటీ' అమలులోకి వచ్చింది. మనం వన్ సెవెంటీ అనేది దీన్నే. ఇది కొత్త చట్టం కాదు, 1959 రెగ్యులేషన్‌కి చేసిన సవరణ. కానీ రెండు మార్పులతో దాని స్వభావమే మారిపోయింది.

మొదటిది: షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తిని ఎవరు బదలాయించినా, అమ్మేవాడు గిరిజనుడైనా కాకపోయినా, తీసుకునేవాడు షెడ్యూల్డ్ తెగ మనిషి గానీ, పూర్తిగా గిరిజన సభ్యులే ఉన్న సహకార సంఘం గానీ అయితేనే చెల్లుతుంది. లేకపోతే మొత్తానికే చెల్లదు.

రెండోది: షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఏదైనా, అది గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అతను. 1959లో మన మీదున్న బరువు 1970లో వాళ్ల భుజాల మీదికి మారింది.

దీన్ని కొట్టేయించాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. పి. రామిరెడ్డి కేసులో 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణ రాజ్యాంగబద్ధమేనని చెప్పింది.

'బదలాయింపు' అనే ఒక్క మాట

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వస్తా. అద్దె అంటే అమ్మకం కాదు కదా?

కాదు. కానీ చట్టం వాడిన మాట 'అమ్మకం' కాదు, 'బదలాయింపు'. ఆ మాటకి అర్థం రెగ్యులేషన్‌లోనే రాసిపెట్టారు. తాకట్టు, అది స్వాధీనం ఇచ్చినా ఇవ్వకపోయినా. లీజు. అమ్మకం. దానం. మార్పిడి. ఇంకా స్థిరాస్తికి సంబంధించి చేసే ఏ వ్యవహారమైనా. ఆస్తి మీద భారం పెట్టినా, దాని గురించి ఒప్పందం చేసుకున్నా అందులోకే వస్తాయి. వీలునామా ఒక్కటే బయట ఉంది.

లీజు అనే మాట అమ్మకం పక్కనే ఉంది చూడండి. ఇల్లు అద్దెకివ్వడం లీజే కదా. కాబట్టి అక్షరాలా చదివితే, మా తాత జాగాలో గదులు కట్టినాయన పక్క గదిని మైదానం నుంచి వచ్చిన ఉద్యోగికి అద్దెకిస్తే, అది గిరిజనేతరుడు గిరిజనేతరుడికి చేసిన బదలాయింపు. 1970 తర్వాత చెల్లదు. మా చిన్నాన్న షెడ్యూల్డ్ తెగ మనిషి, ఆయన అద్దెకి తీసుకోవడంలో తప్పు లేదు. కానీ అసలు ఆ జాగా మీద హక్కే లేనివాడు దేన్ని అద్దెకిస్తున్నట్టు?

'సమత' కేసు కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసది. 1997 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, రెగ్యులేషన్‌లో ఉన్న 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, ప్రభుత్వమే గిరిజనేతరులకి లీజు ఇచ్చినా చెల్లదని మెజారిటీ జడ్జీలు తేల్చారు. ఆ కేసంతా లీజు అనే మాట చుట్టూనే తిరిగింది. ఎవరూ అక్కడ భూమి అమ్మలేదు. లీజు చిన్న విషయమే అయితే దేశంలో పెద్ద కోర్టు అంత పెద్ద తీర్పు ఎందుకిస్తుంది?

1978: మొదటిసారి జైలు

1970 దాకా ఎల్టీఆర్ చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే: ఖాళీ చేయించడం. అక్రమంగా ఉన్నవాణ్ణి బయటికి పంపి భూమిని అసలు గిరిజనుడికో, అతని వారసులకో అప్పగించాలి. వాళ్లు లేకపోతే వేరే గిరిజనుడికి ఇవ్వాలి. దొంగతనం చేసినవాడు దొరికితే సొమ్ము తిరిగివ్వాలి, అంతే, ఇంకే శిక్షా లేదన్నట్టు ఉండేది. దొరక్కపోతే లాభం, దొరికితే నష్టం లేదు. అలాంటప్పుడు ఎవరు భయపడతారు?

1978లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్ దీన్ని మార్చింది. చెల్లని బదలాయింపుల్ని రిజిస్టర్ చేయకుండా అడ్డుకట్ట వేసింది. 6ఏ, 6బీ అని రెండు సెక్షన్లు చేర్చింది. 6ఏ ప్రకారం, ఈ సవరణ వచ్చాక చట్టానికి విరుద్ధంగా స్థిరాస్తి సంపాదించినవాడికి గానీ, ఖాళీ చేయమని డిక్రీ వచ్చాక కూడా అందులోనే ఉన్నవాడికి గానీ ఏడాది దాకా కఠిన కారాగార శిక్ష, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 6బీ ప్రకారం ఇది కాగ్నిజబుల్ నేరం. అంటే పోలీసులు వారెంటు లేకుండానే కేసు కట్టి పట్టుకోవచ్చు.

మా తాత వేలిముద్ర 1986 నాటిది. 1978 తర్వాతదే. ఆ సెక్షన్ చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తాత బతికున్నంత కాలం తప్పు తనదేననుకున్నాడు. "అప్పు తీర్చలేక భూమి పోగొట్టినోణ్ణి" అని తనని తాను తిట్టుకునేవాడు. నేరం చేసింది తను కాదని, ఆ కాగితం తీసుకున్నవాడని పుస్తకంలో రాసుందని ఆయనకి ఒక్కరు కూడా చెప్పలేదు.

చట్టం వచ్చింది, శిక్ష వచ్చింది, భూమి మాత్రం తిరిగి రాలేదు. అందుకే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు భూమి అడగడానికి సభ పెట్టుకున్నారు. అక్కడ ఏం జరిగిందో ఆ స్తూపం చెబుతుంది. 6ఏ వచ్చి అప్పటికి మూడేళ్లు.

రెండు వేల రూపాయల లెక్క

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. ఎనిమిది గదులు, ఒక్కోటి 2,500. నెలకి 20,000. ఏడాదికి 2,40,000. చట్టంలో రాసిన ఎక్కువలో ఎక్కువ జరిమానా 2,000. అంటే ఆ గదుల మీద వచ్చే మూడు రోజుల అద్దె. మా చిన్నాన్న ఒక్కడు ఒక నెలకి కట్టేదానికంటే కూడా తక్కువ.

1978లో 2,000 అంటే పెద్ద మొత్తమే అయ్యుండొచ్చు. కానీ అంకె అక్కడే ఆగిపోయింది, అద్దెలు ఆగలేదు. ఇంకో సంగతి కూడా గమనించండి. 6ఏ 'సంపాదించడం' గురించి, 'డిక్రీ తర్వాత ఉండిపోవడం' గురించి మాట్లాడుతుంది. ఇన్నేళ్లు ఆ ఇంటి మీద వసూలు చేసిన అద్దె ఏం కావాలో ఆ సెక్షన్‌లో ఒక్క ముక్క లేదు.

దీని పక్కన 1982 నాటి భూ ఆక్రమణల నిషేధ చట్టం పెట్టి చూడండి. అది ప్రధానంగా నగరాలు, పట్టణాల్లో భూములు కబ్జా అవుతున్నాయని తెచ్చిన చట్టం. అందులో భూకబ్జా అంటే ఏంటో వివరంగా రాశారు. హక్కు లేని భూమిలో అమ్మకానికో అద్దెకో అక్రమ కట్టడాలు కట్టినా, దాన్ని అద్దెకిచ్చినా, అక్రమ కౌలు ఒప్పందాలు పుట్టించినా అది కబ్జాయే. శిక్ష ఆరు నెలలకి తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు, 5,000 దాకా జరిమానా. దానికి ప్రత్యేక కోర్టు కూడా పెట్టారు.

నాలుగేళ్ల తేడాతో అదే రాష్ట్రంలో వచ్చిన రెండు శిక్షలివి. పట్నంలో కబ్జా చేసిన ఇంటిని అద్దెకిచ్చేవాడి గురించి చట్టం పేరుపెట్టి రాసింది. కనీసం ఆరు నెలలు అని కింది గీత కూడా గీసింది. ఏజెన్సీలో కింది గీత లేదు. జైలు లేకుండా ఒక్క జరిమానాతో కూడా సరిపెట్టొచ్చు. మన చట్టం కాగితం మీద చాలా బలమైనదని అందరూ అంటారు. నిజమే, భూమి విషయంలో బలమైనదే. శిక్ష విషయంలో మాత్రం పట్నం వాళ్ల భూమికి ఉన్నంత కాపలా మన భూమికి లేదు.

అయితే మన చేతిలో ఇంకో చట్టం ఉంది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. ఎస్టీల భూమిని అన్యాయంగా ఆక్రమించినా, వాళ్లని భూమి నుంచి అన్యాయంగా వెళ్లగొట్టినా ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. 2015 సవరణలో 'అన్యాయంగా' అనే మాటకి అర్థం కూడా చేర్చారు. ఇష్టం లేకుండా, ఒప్పుకోకుండా, భయపెట్టి ఒప్పించి, లేదా దొంగ రికార్డులు పుట్టించి చేస్తే అది అన్యాయమే. 1996 పీసా చట్టం ప్రకారం అయితే, అక్రమంగా పోయిన భూమిని ఆపే, తిరిగి ఇప్పించే అధికారం గ్రామసభకి కూడా ఉండాలి.

మనం కూడా ఒప్పుకోవాల్సినవి

పోస్టు ఒకవైపే రాస్తే చరిత్ర కాదు కాబట్టి ఇవి కూడా రాస్తున్నా.

ఒకటి. ఏజెన్సీలో ఉన్న ప్రతి గిరిజనేతరుడి ఇల్లూ అక్రమం కాదు. 1970కి ముందు గిరిజనేతరుల మధ్యే జరిగిన బదలాయింపులకి వన్ సెవెంటీ వెనక్కి వెళ్లి వర్తించదు. తేదీలు చూడకుండా ఎవరి ఇంటి మీదైనా వేలెత్తి చూపడం న్యాయం కాదు, మన కేసుకి కూడా మంచిది కాదు.

రెండు. 'లీజు' అనే మాట మనకీ వర్తిస్తుంది. మనోళ్లు గదులు కట్టి బయటి ఉద్యోగులకి అద్దెకిస్తున్నారు. అక్షరాలా చదివితే అదీ బదలాయింపే. ఇది చెప్తే మా ఊళ్లో నా మీద కోపగించుకున్నారు. కానీ పెద్దవాళ్లు ఊరికే అనలేదు, చెయ్యి మనదైనా కత్తి కత్తే. దీని గురించి ఏం చేయాలో మనలో మనం మాట్లాడుకోవాలి.

మూడు. బినామీ. మా నాయనమ్మ ముందు పెట్టిన కాగితం అదే. చట్టం వాళ్ల దారి మూసింది కాబట్టి మన పేరు మీదుగా వెళ్తున్నారు. పేరు మనది, పెత్తనం వాళ్లది, అద్దె వాళ్లది. మన పేరు ఇవ్వడానికి మనలో ఎవరో ఒకరు ఒప్పుకుంటేనే అది నడుస్తుంది. యాభై వేలు అవసరమైన ఇల్లు ప్రతి ఊళ్లో ఒకటి ఉంటుంది. మా ఇల్లు కూడా అలాంటిదే, అందుకే ఎవర్నీ తిట్టలేను.

నాలుగు. అద్దెకున్నవాళ్ల సంగతి. నేను ఈ చట్టాల గురించి చెప్పగానే చిన్నాన్న మొదట అడిగిన మాట, "కేసేస్తే రేపు నన్ను గదిలోంచి ఎళ్లగొడితే పిల్లల్ని ఎక్కడ పెట్టాలిరా?" దానికి నా దగ్గర పుస్తకంలో జవాబు దొరకలేదు. యజమానికి శిక్ష పడాలని రాయడం తేలిక. ఆ శిక్ష బరువు ముందు అద్దెకున్నవాడి మీద పడకుండా చూడటం కష్టం. కేసు వేసే ముందు ఇంట్లో అందరూ కూర్చుని దీన్ని మాట్లాడుకోవాలి. మేము అదే చేశాం.

ఎక్కడికి వెళ్లాలి

ఎల్టీఆర్ కేసులు మామూలు సివిల్ కోర్టుకి పోవు. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్, గిరిజన సంక్షేమం, ఆయన కోర్టులో వేయాలి. దాని మీద అప్పీలుకి ఏజెంటు, అంటే కలెక్టర్. ఐటీడీఏ పీఓ అదనపు ఏజెంటుగా ఉంటారు. ఎవరికి ఆసక్తి ఉన్నా అర్జీ పెట్టొచ్చు. ప్రభుత్వ ఉద్యోగి రాతపూర్వకంగా సమాచారం ఇచ్చినా చాలు. ఎవరూ అడగకపోయినా అధికారి తనంతట తానే విచారణ మొదలుపెట్టొచ్చు. అంటే మన ఊళ్లో పనిచేసే ఉద్యోగి ఒక్క లేఖ రాసినా కేసు కదులుతుంది. రేపు మనలో కొందరం ఆ కుర్చీల్లో కూర్చుంటాం. ఆ రోజు ఈ మాట గుర్తుంచుకోండి.

అర్జీ పెట్టేటప్పుడు పహాణీ నకళ్లు, పాత శిస్తు రసీదులు, కుల ధ్రువీకరణ పత్రం, చుట్టుపక్కల పెద్దల వాంగ్మూలం దగ్గర పెట్టుకోవాలి. మా ఇంట్లో మా తాత పేరు మీద ఒక పాత రసీదు దొరికింది. నాయనమ్మ దాన్ని రేషన్ కార్డు కవర్లో పెట్టి ముప్పై ఏళ్లకి పైగా దాచింది. అదేం కాగితమో ఆమెకి తెలియదు. "మీ తాత పేరుంది అన్నారు, అందుకే పారేయలేదు" అంది.

ఆ దుకాణం ఆయన కొడుకు మళ్లీ వచ్చినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నా. నాయనమ్మ అతనికి కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. తర్వాత అతని కాగితం అతని చేతికే ఇచ్చి "నేను ఏలిముద్ర ఎయ్యను బాబూ" అంది. ఇంకేం మాట్లాడలేదు. అతను వెళ్లిపోయాడు. నాన్న ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. చెల్లి ఫీజుకి చిన్నాన్న ఆటో మీద అప్పు తెచ్చాడు. ఇవన్నీ నిజాలు, దాచడం ఎందుకు.

అర్జీ రాసింది నేనే. నాయనమ్మ పేరుతో. కింద వేలిముద్ర ఉంది. మా ఇంట్లో భూమి పోయింది ఒక వేలిముద్రతో, అడుగుతున్నది ఇంకో వేలిముద్రతో. ఏమవుతుందో తెలియదు. కేసు ఏళ్లు పట్టొచ్చు. చిన్నాన్న ఈ నెల కూడా అయిదో తారీకుకే అద్దె కట్టాడు.

ఒక చిన్న పని అడుగుతా. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఇంట్లో పెట్టెలు, కవర్లు, దూలం మీద మూటలు ఒకసారి వెతకండి. తాతల పేర్లున్న కాగితాలు ఏవి దొరికినా ఫోటో తీసి దాచుకోండి. మీ మండల కేంద్రంలో అద్దె గదులున్న జాగాలు ముందు ఎవరివో పెద్దవాళ్లని అడిగి రాసుకోండి, సంవత్సరాలతో సహా. 1963, 1970, 1978, ఈ మూడు తేదీలు పక్కన పెట్టుకుని చూస్తే సగం సంగతి మీకే తెలిసిపోతుంది.

తప్పులుంటే చెప్పండి, సరిచేసుకుంటా. 

జల్, జంగల్, జమీన్.